పన్నెండో సీసా

బిరడా ముక్కలై సీసాలో పడింది. గోపీచంద్ కనుబొమలు ముడిపడ్డాయి.

పదకొండేళ్లలో ఎన్నడూ ఇలా జరగలేదు. ఏటా సూగప్ప ఇలా తిప్పగానే బిరడా మారుమాట లేకుండా ఊడొచ్చేది.

శక్తినగర్‌లో థర్మల్ కరెంటు కేంద్రం ఆఫీసర్లు కొందరు పెట్టుకున్న చిన్న క్లబ్బు అది. టర్బైన్ బిగించడానికొచ్చిన విదేశీ ఇంజనీరు ఒకాయన వెళ్తూ వెళ్తూ పన్నెండు సీసాల రెడ్ వైన్ ఇచ్చాడు. ఒక్కసారే తాగేయకండి, ఏడాదికొకటి తెరిచి, పాతబడేకొద్దీ రుచి ఎలా మారుతుందో చూడండి అన్నాడు. అప్పటినుంచీ జనవరిలో ఒక ఆదివారం మధ్యాహ్నం అదే పూజ, అదే ప్రసాదం. తీర్పు చెప్పేది గోపీచంద్. బాయిలర్ నీళ్లు పరీక్షించే ల్యాబులో కెమిస్టు. దేవుడి మీద కన్నా తన ముక్కు మీదే ఆయనకు నమ్మకం ఎక్కువ.

తీర్పులన్నీ నోటుబుక్కులో ఉన్నాయి. మొదటేడు కొంచెం వగరు. నాలుగో ఏడు నేరేడుపండు వాసన, అమోఘం. పదకొండో ఏడు, ఇంత గొప్పగా పాతబడిన వైన్ ఇంకోటి ఉండదని రాసి కింద రెండు గీతలు గీశాడు.

సీసాలకు కాపలా వంటమనిషి సూగప్ప. స్టోరు తాళంచెవి అతని మొలతాడుకే ఉంటుంది. ఇంకా ఒక్క సీసా కూడా తెరవకముందే, మొదటి ఎండాకాలం, కరెంటు పుట్టే ఊళ్లోనే స్టోరు కూలర్ నెలన్నర పడకేసింది. రాయచూరు ఎండ సంగతి చెప్పేదేముంది. తడి గోనెసంచులు కప్పి సీసాలన్నీ కాపాడానన్నాడు సూగప్ప. ఆ మెప్పుతోనే క్లబ్బు అతన్ని పర్మినెంటు చేసి, వెనకవైపు గది ఇచ్చింది. ఇంకో మూడు నెలల్లో రిటైరవుతాడు.

గోపీచంద్ గ్లాసు వెలుతురుకు పెట్టి చూశాడు. ఏటా ముదురు ఊదా రంగుండేది. ఇప్పుడు వెలిసిన ఇటుక రంగు. అడుగున మడ్డి. ఒక గుక్క తాగి మొహం చిట్లించాడు.

సెక్రటరీ లింగయ్య కూడా రుచి చూశాడు. “గిదేంది, తోలు వాసనొస్తుంది” అన్నాడు మెల్లగా.

“నకిలీ” అన్నాడు గోపీచంద్. “ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పట్టాను. పోయిన నెల రెండు రోజులు సెలవు పెట్టి సింధనూరు ఎందుకెళ్లావయ్యా సూగప్పా? అసలు సీసా ఏ రైస్‌మిల్లు షావుకారికి ఇచ్చొచ్చావ్?”

చెల్లెలి ఇంటికి పోయానన్నాడు సూగప్ప. ఎవరూ నమ్మలేదు.

“ఈ సీసను నేను ముట్టలే సార్. మా అవ్వ మీద ఆన.”

లింగయ్యకు జాలేసింది. జరిగింది జరిగినట్టు చెప్పేస్తే ఈ మూడు నెలలూ ఎలాగో నెట్టేద్దామన్నాడు. సూగప్ప ఏదో చెప్పబోయాడు. గోడకున్న పదకొండు ఖాళీ సీసాల వరస వైపు చూసి, నోరు మూసుకున్నాడు.

అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? తాళంచెవి లాక్కున్నారు. సాయంత్రానికల్లా గది ఖాళీ చేయమన్నారు. సూగప్పకు ఏడుపొచ్చింది. నోటుబుక్కులో గోపీచంద్ పన్నెండో ఏడు ఎదురుగా ‘మోసం’ అని రాసి సంతకం పెట్టాడు.

గదిలో భార్య భీమవ్వ మొగుడి మొహం చూడగానే చేతిలో చేట కింద పెట్టింది.

“ఇన్నేండ్లకు పట్టుబడ్డవా?”

“యాడ పట్టుకున్నరే, పదకొండేండ్లు నువ్వు పులియబెట్టిన నేరేడు రసం తాగి మురిసిండ్రు, పోయేముందు ఒక్కసారన్న నిజమిద్దామని ఆ ఎండకు బిరడ లేవకుండ మిగిలిన ఒకే ఒక్క అసలు సీస ఇయ్యాల తీసి ఇస్తే, నకిలీ అన్నరు.”