నాలుక మీద చీమలు

ఐస్‌క్రీమ్ వద్దని ఏడ్చే పిల్లను ఆ వినోదాల పార్కు ఎన్నడూ చూసి ఉండదు.

ఆ ఘనత ఈ దంపతుల ఐదేళ్ల కూతురికి దక్కింది.

"ఒక్కసారి నాకి చూడు తల్లీ. జీడిపప్పు కూడా వేశారు," బతిమాలింది తల్లి.

"వద్దు. చీమలుంటాయి."

"ఐస్‌క్రీమ్‌లో చీమలేమిటే?"

"దాంట్లో కాదు. నా నాలుక మీద."

తండ్రి పకపకా నవ్వాడు. "వంకలు పెట్టడంలో అచ్చం నీ పోలికే!"

ఆమె నవ్వలేదు. పొద్దుటి నుంచి పిల్ల కడుపులో పడింది ఒక్క అరటిపండు. బయలుదేరేటప్పుడు అత్తగారు అననే అంది: "ఊదితే ఎగిరిపోయేలా ఉంది పిల్ల. కన్నావు సరే, తినిపించడం చేతకాదా?" ఇవాళ ఎలాగైనా ఒక ప్లేటు ఖాళీ చేయించి, ఆ ఫోటో అత్తగారికి పంపాలని ఆమె పంతం.

ఐస్‌క్రీమ్ బండి వరసలో వెనక నిలబడ్డ గళ్ల చొక్కా మనిషి ఒకడు ముందుకు వంగాడు.

"పాప ఇలా ఎన్నాళ్ల నుంచి అంటోందమ్మా?"

"మీకెందుకండీ?" అని పిల్ల చెయ్యి పట్టుకుని నడిచింది.

భర్త పార్కు మ్యాపు విప్పాడు. "గుహ హోటలా, కోట హోటలా, ఓడ హోటలా?"

"ఏదో ఒకటి తేల్చండి. నా తల ప్రాణం తోకకొస్తోంది."

గుహలో చీకటని పిల్ల గుమ్మం దగ్గరే మొండికేసింది. కోటలో కూర్చుంది గానీ, కేకు వాసన చూసి అవతలకి నెట్టేసింది.

పక్క బల్ల దగ్గర మళ్లీ గళ్ల చొక్కా! అతని ముందు ప్లేటు లేదు. సర్వర్‌ని మాత్రం ఆరా తీస్తున్నాడు.

"ఈ కేకులో జీడిపప్పు ఉందా?"

"ఉంది సార్."

"మనదాన్ని తలదన్నేవాడు దొరికాడు," గుసగుసగా అన్నాడు భర్త.

ఆ మనిషి లేచి వచ్చాడు. "చెల్లెమ్మా, ఒక్క మాట. పాపని ఓసారి డాక్టరుకి..."

"మా పిల్లకి ఏ రోగమూ లేదు!" ఆమెకు ఒళ్లు మండిపోయింది. "లేవండి, ఓడకి పోదాం."

ఓడ హోటల్లో బల్లలు తెడ్లలా ఉన్నాయి. సర్వర్లకు కెప్టెన్ టోపీలు. తల్లి గళ్ల చొక్కా వస్తున్నాడేమోనని గుమ్మం వైపు నాలుగుసార్లు చూసి గాని కూర్చోలేదు. తెల్లటి సాస్‌లో పాస్తా వచ్చింది.

"చీమలు," అంది పిల్ల, మొదటి చెంచాకే.

"చీమల్లేవు, దోమల్లేవు. నోరు తెరు!"

రెండో చెంచా కూడా కుక్కింది. మూడోది ఎత్తేలోగా వంటగది కిటికీ వైపు నుంచి గళ్ల చొక్కా పరిగెత్తుకొచ్చి ప్లేటును ఒక్క తోపు తోశాడు. పాస్తా అంతా నేలపాలైంది.

"పెట్టకండి! సాస్‌లో జీడిపప్పు రుబ్బి పోశారు!"

తల్లి కెవ్వుమంది. గార్డులు వచ్చి అతని రెక్కలు విరిచి పట్టుకున్నారు. జేబు వెతికితే పెన్నులాంటి సూది బయటపడింది.

"పిల్లల్ని ఎత్తుకుపోయేవాడే!" అన్నారెవరో.

"నన్నెక్కడికైనా తీసుకుపోండి. సూది మాత్రం పాప దగ్గర ఉంచండి," ఈడ్చుకుపోతుంటే అరిచాడు అతను.

"విన్నారా? నా పిల్లకి సూది పొడుస్తాడట! వీడు మళ్లీ ఈ పార్కులో అడుగు పెట్టకూడదు!" గార్డు అతని ఫోటో తీసేదాకా ఆమె ఊరుకోలేదు.

తర్వాత కూతుర్ని ఒళ్లోకి లాక్కుంది.

"అమ్మా," పిల్ల గొంతు బొంగురుపోయింది. "చీమలు లోపలికి పోతున్నాయి."

పెదవులు ఉబ్బాయి. ఊపిరి ఈలలా వస్తోంది.

పార్కు నర్సు పరుగున వచ్చింది. "అలర్జీ! వెంటనే సూది వేయాలి. నాది అవతలి గేటు దగ్గర అంబులెన్సులో ఉంది..."

గార్డు జంకుతూ గళ్ల చొక్కా జేబులో దొరికిన సూదిని చాపాడు. "ఇది పనికొస్తుందేమో చూడండి."

నర్సు లాక్కుని చూసింది. "పిల్లల డోసే. డేటు కూడా దాటలేదు." పిల్ల తొడలో గుచ్చింది.

ఊపిరి మెల్లగా నిదానించింది. ఆ తర్వాత పిల్ల బావురుమంది. తల్లి తను పుట్టి బుద్ధెరిగాక అంత తీయని ఏడుపు వినలేదు.

"ఇంకాస్త ఆలస్యమైతే చెయ్యి దాటిపోయేది," అంది నర్సు.

ఆసుపత్రికి బయలుదేరిన అంబులెన్సు గేటు దగ్గర ఆగింది. పిల్లను గుండెకు హత్తుకున్న తల్లి కిటికీలోంచి తల బయట పెట్టింది.

"వాడు... ఆయన ఏరీ?"

"వెళ్లిపోయాడమ్మా," అంది టికెట్లు చూసే పెద్దావిడ. "పాపకి ఊపిరాడిందని మా వాకీటాకీలో వినేదాకా ఇక్కడే నిలబడ్డాడు."

"ఎవరాయన?"

"పేరు తెలీదు. ఏడాదికోసారి వస్తాడు. ఏ ఆటా ఎక్కడు, ఏమీ తినడు. పిల్లలు తినే చోట కాసేపు కూర్చుని పోతాడు. ఇక రాడులే. రానివ్వద్దన్నారుగా, ఫోటో అంటించేశాం."

"మరి ఆ సూది..."

"ఏటా కొత్తది కొని జేబులో పెట్టుకునే వస్తాడమ్మా," పెద్దావిడ గేటు తెరిచింది. "వాళ్ల పాప ఆ ఓడ హోటల్లో పోయిన రోజు మాత్రం, కారులో మరిచిపోయి వచ్చాడు."