బెల్టుల మధ్య గొలుసు

క్రేన్లు మాటలు నేర్చి, కట్టు నచ్చితేనే బరువెత్తే కాలం వచ్చింది. విశాఖ రేవులో బరువులకు కట్లు కట్టే పైడితల్లికి మాత్రం కడుపు రగిలిపోతోంది. నిన్నగాక మొన్న చేరిన హైమ బట్ట బెల్టులతో కడితే చాలు, "ఎంత పొందిగ్గా కట్టారమ్మా!" అని మురిసిపోతోంది క్రేను. ఏటా ఆయుధపూజకు పసుపు రాసే పైడితల్లి ఇనుప గొలుసుల ఊసే ఎత్తదు.

ఆ ఉదయం హైమ ఓ పెద్ద మోటారుకు బెల్టులు కట్టి అటు తిరిగింది. ఆ మెప్పులో తనకూ వాటా ఉండాలని పైడితల్లి వాటి మధ్య తన గొలుసొకటి తగిలించింది.

మోటారు జానెడు లేచి ఆగిపోయింది.

"బెల్టులు సాగుతున్నాయి, గొలుసు సాగదు. బరువంతా దాని మీదే పడి తెగేలా ఉంది. ఎవరు కలిపారు? వాళ్లకు ఇవాళ పని లేదు," అంది క్రేను, మోటారును దించుతూ.

పైడితల్లి పక్కకు తిరిగి చీర కొంగు సర్దుకుంది.

"నానే," అంది హైమ చటుక్కున. వెళ్తూ వెళ్తూ పైడితల్లి చెవిలో చెప్పింది, "అప్పా, కడితే అన్నీ గొలుసులే కట్టు. రెండూ కలపకే."

పైడితల్లి మంట రెండింతలైంది. గొలుసులు మోసుకొస్తూ కొండవైపు తిరిగి దణ్ణం పెట్టుకుంది.

"అప్పన్నా, దీన్ని కాస్త చెడ్డదాన్ని చేసుంటే నీ సొమ్మేం పోయేది తండ్రీ?"