వంకాయ రంగు చీర

కూతురు రుచిత మొదటి పుట్టినరోజుకు జ్యోతిర్మయి లావెండర్ రంగు ఖాయం చేసింది.

బెలూన్లు, కేకు, కుర్చీల ముసుగులు, చివరికి వచ్చే జనం కూడా అదే రంగులో ఉండాలని వాట్సాప్‌లో హుకుం జారీ అయింది.

కానుపులో తను చచ్చి బతికింది. పిల్ల డబ్బా పాలతో గట్టెక్కింది. అందుకే ఈ పండగ నరసరావుపేటంతా చెప్పుకోవాలని ఆమె పట్టు.

అత్తగారు హైమావతి మాత్రం దాన్ని వంకాయ రంగు అనేది. పేరు పలకడం రాక కాదు, కోడలికి ఒళ్ళు మండాలని.

దగ్గరి ఆడవాళ్ళకు చీరలు కొనేటప్పుడు ఇద్దరికీ మళ్ళీ చెడింది.

"ఇంకోటి తియ్యి," అంది హైమావతి.

"ఎవరికత్తయ్యా?"

"వచ్చినప్పుడు చూద్దువుగాని."

"మీ రొంపిచెర్ల చుట్టాలందరికీ నేను చీరలు పెట్టలేను."

"కొనేది నేనులే. నువ్వు గొణగమాకు."

ఆ చీరను ఆవిడ తన సంచిలోనే దాచుకుంది.

పుట్టినరోజు నాడు ఫంక్షన్ హాలు నిండింది. తెల్ల చొక్కాతో వచ్చిన బాబాయిని జ్యోతిర్మయి మొహమాటం లేకుండా వెనక వరుసకు పంపేసింది.

అప్పుడొచ్చింది ఆమె. నేత చీర, చంకలో పాప ఈడు పిల్లవాడు, చేతిలో కవరు. పిల్లవాడికి ఎర్ర గుడ్డ మీద పసుప్పచ్చ పువ్వుల చొక్కా.

ఆమె తిన్నగా స్టేజీ ఎక్కి రుచిత వైపు చేతులు చాచింది.

జ్యోతిర్మయి అడ్డం వచ్చింది. "ఏమ్మా, ఎవరు నువ్వు?"

"పిడుగురాళ్ల నుంచి వచ్చానమ్మా. పెద్దమ్మగారు రమ్మన్నారు."

పెద్దమ్మగారు ఆ సమయానికి వెనక వంటవాళ్ళతో పులిహోర గురించి పోట్లాడుతోంది.

"ఓహో, ఆ చీర నీ కోసమేనా?"

"ఏ చీరమ్మా?" ఆమెకు అర్థం కాలేదు. "పాపని ఒక్కసారి ఎత్తుకుంటా. అంతే."

జ్యోతిర్మయి ఆ చేతులు చూసింది. సున్నం బట్టీలో పనిచేసి పగిలిన చేతులు.

"ఆ చేతుల్తోనా? గౌను పాడైపోద్ది."

"మేడమ్, ఫ్రేములో ఎరుపు పడతంది," అన్నాడు ఫొటోగ్రాఫరు.

"పోయి వెనక కూర్చో. భోజనాలప్పుడు పిలుస్తారు."

ఆమె ముఖం గట్టిపడింది. "తిండికి రాలేదమ్మా."

"మరెందుకొచ్చావు? అసలు మాకేమవుతావు నువ్వు?"

ఆమె పిల్లవాణ్ణి ఇంకో చంకలోకి మార్చుకుంది.

"పెద్దమ్మగారిని అడగండి. చెప్పనని ఆమెకి మాటిచ్చా."

ఇంతలో పిల్లవాడు ఒక బెలూను పట్టుకున్నాడు. జ్యోతిర్మయి వాడి వేళ్ళు విడదీసి లాగేసుకుంది. వాడు ఏడుపు లంకించుకున్నాడు.

"పద నాన్నా. అయి మనయి కావు," అని, కవరు మెట్టు మీద పెట్టేసి ఆమె వెళ్ళిపోయింది. వెనక్కి తిరిగి చూడలేదు.

కేకు కోయడం అయ్యాక హైమావతి చీర చేత్తో పట్టుకుని వచ్చింది.

"పిడుగురాళ్ల నుంచి సుష్మిత రాలా?"

"వచ్చింది. రంగూ లేదు, మర్యాదా లేదు. పోయింది."

"పోయిందా, పంపించావా?"

జ్యోతిర్మయి కుర్చీలో కూర్చుని కుచ్చిళ్ళు సర్దుకుంది.

హైమావతి గబగబా గేటు దాకా వెళ్ళింది. రోడ్డు మీద ఎవరూ లేరు. తిరిగొచ్చి మెట్టు మీది కవరు విప్పింది. లోపల చిన్న గౌను. ఎర్ర గుడ్డ మీద పసుప్పచ్చ పువ్వులు.

జ్యోతిర్మయి దాన్ని గుర్తుపట్టింది. ఆ పిల్లవాడి చొక్కా కూడా ఆ గుడ్డలోదే.

"ఎవరత్తయ్యా ఆమె?" గొంతు తగ్గింది.

హైమావతి చీరనూ గౌనునూ కోడలి ఒళ్ళో పడేసింది.

"డబ్బా పాలని నీకు అబద్ధం చెప్పా. తెలిస్తే అసహ్యపడతావని భయపడ్డా. నువ్వు ఐసీయూలో తెలివి లేకుండా పడున్నప్పుడు, అదే రోజు పుట్టిన తన కొడుక్కి ఒక రొమ్ము, నీ కూతురికి ఒక రొమ్ము ఇచ్చి బతికించింది ఆమేనే."