మూడో రింగు

"కాగితం మీద రాసిన దరఖాస్తు తీసుకోవడం కుదరదమ్మా. అంతా సైట్‌లోనే" అన్నాడు డైరెక్టరు, కవరును రెండు వేళ్ళతో వెనక్కి నెడుతూ.

"మూడు నెలల్నుంచి సైట్‌తోనే కుస్తీ పడుతున్నాను సార్. అంతా నింపాక చివర్లో బొమ్మలోని అక్షరాలు టైపు చేయమంటుంది. నాకు బొమ్మే కనపడితే ఇంకేం కావాలి?" అంది టెలిఫోన్ ఆపరేటరు.

ఆమెకు పుట్టుకతోనే చూపు లేదు. పదకొండేళ్ళుగా కాంట్రాక్టు మీదే ఆ ఆఫీసు ఫోన్లు ఎత్తుతోంది. ఇప్పుడా ఉద్యోగాలు పర్మనెంటు చేస్తామన్నారు. దరఖాస్తుకు ఇవాళ సాయంత్రం అయిదింటితో ఆఖరు. అది దాటితే వచ్చే నెల నుంచి ఇంట్లో కూర్చోవాల్సిందే.

"నీ ఒక్కదాని కోసం రూలు మార్చమంటావా? మన పాలసీ చదివావా అసలు?"

"చదవబోయాను సార్. నలభై ఎనిమిది పేజీలకూ ఫోటోలు తీసి సైట్‌లో పెట్టారు. తెర మీది రాతను పైకి చదివే నా కంప్యూటరు 'బొమ్మ' అని నలభై ఎనిమిది సార్లు చదివి ఊరుకుంది."

డైరెక్టరు మొహం గంటు పెట్టుకున్నాడు. చూపు లేనివాళ్ళు, చేతులు సరిగా ఆడనివాళ్ళు కూడా ఎవరి సాయమూ లేకుండా వాడుకునేలా ప్రతి ఆఫీసూ తన సైటును దిద్దుకోవాలని పైనుంచి ఉత్తర్వు వచ్చి ఏడాదైంది. ఈయన సైటు జోలికి పోలేదు. దిద్దుకుంటామని ఆ నలభై ఎనిమిది పేజీల పాలసీ పుస్తకం వేయించాడు. నున్నటి కాగితం, లోపలి అట్ట నిండా ఆయన ఫోటో. ఆ ఫోటో మీద పెట్టిన శ్రద్ధలో పావు వంతు సైటు మీద పెట్టి ఉంటే ఈ గొడవే ఉండేది కాదు.

"మధ్యాహ్నం సైటు చూడటానికి పైనుంచి తనిఖీ మేడమ్ వస్తోంది. ఆవిడ ముందు నువ్వు సైటు వాడి చూపించు. బాగా చేశావంటే నీ దరఖాస్తు నేనే దగ్గరుండి పెట్టిస్తా. లేదంటే నీ ఇష్టం" అన్నాడు. బెదిరింపును సాయంలా చెప్పడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య.

సైటు చూసే కాంట్రాక్టరును ఆఫీసులో అందరూ 'అయిపోయింది సార్' అనే పిలుస్తారు. ఏ పని అడిగినా అతని నోట వచ్చే మాట అదొక్కటే. రెండ్రోజుల్లో మొత్తం దిద్దేశానంటూ ఒక కంప్యూటరు తెచ్చి ఆపరేటరు బల్ల మీద, ఆమె కవరుకూ ఫోనుకూ మధ్య పెట్టాడు.

"ట్యాబ్ మీట అయిదుసార్లు నొక్కండి మేడమ్. తొందరపడకుండా, నొక్కినప్పుడల్లా మనసులో ఇరవై లెక్కపెట్టుకోండి. తర్వాత ఎంటర్. అంతే."

ఆమె నొక్కింది. కంప్యూటరులోంచి ఒక తియ్యటి ఆడగొంతు ఒక్కో గడి పేరూ చదువుతూ పోయింది.

"సార్, మధ్యలో ఒకసారి నొక్కడం మర్చిపోయాను. అయినా అది సరిగ్గానే చదివిందే!"

"అదే మరి గొప్పతనం! నువ్వు తప్పు చేసినా అది సర్దుకుపోతుంది" అని డైరెక్టరు పొంగిపోయాడు.

"అయితే నా దరఖాస్తు ఇప్పుడే ఇందులో పెట్టేస్తాను."

"వద్దు, వద్దు!" కాంట్రాక్టరు ఉలిక్కిపడ్డాడు. "ఇది నమూనా మేడమ్. అసలు సైట్‌లోకి రేపు ఎక్కిస్తాం."

"రేపటికి గడువు దాటిపోతుంది కదా బాబూ."

"ముందు తనిఖీ కానీ" అంటూ డైరెక్టరు గోడ మీది నోటీసును వేలితో టకటకా కొట్టాడు. ఫోను మూడో రింగుకల్లా ఎత్తాలి, లేకుంటే మెమో. అదీ ఆయన పెట్టిన పాలసీయే. "కిందటి నెల నాలుగో రింగుకు ఎత్తావు. ఇంకో మెమో పడిందంటే పర్మనెంటు మాట మర్చిపో."

"గుర్తుంది సార్."

తనిఖీ మేడమ్ మూడున్నరకు వచ్చింది. మితంగా మాట్లాడే మనిషి. డైరెక్టరు ఆవిడ చేతిలో పుస్తకం పెట్టి ఇరవై నిమిషాలు ఉపన్యాసం దంచాడు.

"ఏడాది మొత్తంలో ఒక్క ఫిర్యాదు రాలేదు మేడమ్. ఒక్కటంటే ఒక్కటి!"

"ఫిర్యాదు ఎక్కడ చేయాలి?"

"సైట్‌లోనే మేడమ్."

ఆవిడ ఆపరేటరు ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. "కానివ్వమ్మా" అన్నాడు డైరెక్టరు.

ఆపరేటరు ట్యాబ్ నొక్కింది. "మీ పేరు" అంది తియ్యటి గొంతు. మళ్ళీ నొక్కింది. "తండ్రి పేరు." డైరెక్టరు పాటకచేరీకి వచ్చినవాడిలా కళ్ళు మూసుకుని తలాడించాడు.

మేడమ్ పుస్తకం తిరగేస్తూ చివరి అట్ట దగ్గర ఆగింది. 'సహాయానికి సంప్రదించండి' అని అక్కడో నంబరు ఉంది. ఏదో ఒకటి వేయాలి కాబట్టి డైరెక్టరు ఆఫీసు నంబరే వేయించాడు. ఆవిడ సెల్‌ఫోను తీసి ఆ నంబరు నొక్కింది.

బల్ల మీద ఫోను మోగింది.

"మోగనీ, వదిలెయ్!" డైరెక్టరు పళ్ళ బిగువున అన్నాడు.

రెండో రింగు.

"మెమో ఇస్తారు సార్" అని ఆమె కీబోర్డు మీంచి రెండు చేతులూ తీసేసింది. మూడో రింగుకు రిసీవరు ఎత్తింది. "నమస్కారమండీ, చెప్పండి."

"మీ సైట్‌లో దరఖాస్తు ఎలా పెట్టాలండీ?" ఎదురు కుర్చీలోంచే అడిగింది మేడమ్.

ఆ గొంతు ఎవరిదో ఆపరేటరుకు వెంటనే తెలిసింది. అయినా ఆగలేదు.

"నాకూ తెలియదండీ. మూడు నెలల్నుంచి నాదే పడటం లేదు. చెల్లెలి చేత కాగితం మీద రాయించి తెచ్చాను, తీసుకోవడం కుదరదంటున్నారు. ఇంకో గంటలో గడువు అయిపోతుంది."

మేడమ్ సెల్‌ఫోను కింద పెట్టి, బల్ల మీది కవరు చేతిలోకి తీసుకుంది.

ఎవరి చెయ్యీ లేని కీబోర్డు పక్కన ఆ తియ్యటి గొంతు మాత్రం ఇందాకటి నుంచీ తన మానాన తాను చదువుకుంటూనే ఉంది: "మీ చిరునామా... పుట్టిన తేదీ... విద్యార్హత... మీ దరఖాస్తు అందింది. ధన్యవాదాలు."