రాళ్ళ దొంగ

"మేడమ్, దొంగ దొరికింది!"

వాచ్‌మన్ ఒక ముసలావిడను తెచ్చి ఇంజనీరు ముందు నిలబెట్టాడు. మోకాళ్ళ దాకా తడిసిపోయి ఉంది. పాత కోటు జేబులు రెండూ బరువుకి కిందికి వేలాడుతున్నాయి.

"ఏం దొంగిలించింది?"

"రాళ్ళు మేడమ్."

ఇంజనీరుకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అసలే ఊపిరి సలపనంత పని.

ఆ నది ఒడ్డున తరతరాలుగా బతికిన జనాన్ని నదివాళ్ళంటారు. నదికి అడ్డంగా ఉన్న ఆనకట్టను తీయించడానికి వాళ్ళకి ముప్పై ఏళ్ళు పట్టింది. పోయిన ఏడు అది పోయింది, నీళ్ళు కదిలాయి. ఇక సముద్రం నుంచి చేపలు ఎదురెక్కి వచ్చి గుడ్లు పెట్టాలి. అందుకోసం నది అడుగున రాళ్ళు పరిచే పనిని నదివాళ్ళ సభ ఏరికోరి ఈ ఇంజనీరు చేతిలో పెట్టింది. వాళ్ళ మనుషులు ఎగువన గట్ల మీద చెట్లు నాటుతున్నారు. ఇక్కడున్నవాళ్ళంతా ఈమె వెంట వచ్చిన కూలీలే. సభ పెద్ద ఎలా ఉంటారో కూడా ఈమెకి తెలియదు. వ్యవహారమంతా ఉత్తరాల మీదే.

"ఎందుకవ్వా ఈ పని?"

"ఇవి క్వారీ రాళ్ళు తల్లీ, అంచులు కోసుకుపోతాయి. చేప తోకతో రాళ్ళు తోడి, గుంట చేసి గుడ్లు పెడుతుంది. దానికి నున్నటివి కావాలి. ఎండిపోయిన పాత పాయలో బోలెడున్నాయి. ఇవి తీసి అవి పెడుతున్నా."

"ఒక్కొక్కటిగానా?"

"ఉన్నవి రెండు చేతులే కదా."

వాచ్‌మన్ పగలబడి నవ్వాడు. ఇంజనీరు నవ్వలేదు గానీ, ఆ మాట చెవిన పెట్టనూ లేదు. చేపలొచ్చే కాలం ముంచుకొస్తోంది. ఒక్కో రాయీ ఏరుకుంటూ కూర్చుంటే తెల్లారినట్టే.

మర్నాడు ముసలావిడ మళ్ళీ వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. కసిరినా కదలదు, బతిమాలినా మానదు. కూలీలు ఆమెకి 'రాళ్ళ దొంగ' అని పేరు పెట్టేశారు.

ఒకరోజు కాలు జారి, రాళ్ళు పరిచే మెషిన్ ముందు పడింది. డ్రైవర్ జానెడు దూరంలో ఆపాడు.

ఇంజనీరు పరుగున వెళ్ళి ఆమెను లేపింది. ఆ సాయంత్రమే సభ పెద్దకి ఉత్తరం రాసింది.

"ఒక ముసలావిడ పనికి అడ్డొస్తోంది. ఏదో ఒకరోజు ప్రాణం మీదికి తెచ్చుకుంటుంది. ఆమెను నదిలో దిగనివ్వకుండా ఆర్డర్ ఇప్పించండి."

రెండు రోజుల్లో ఆర్డర్ వచ్చింది. ఎందుకు, ఏమిటి అన్న ప్రశ్నే లేదు.

ఇంజనీరు దాన్ని చదివి వినిపిస్తుంటే ముసలావిడ తలవంచుకుని విన్నది.

"సరే తల్లీ. నీకు నదంటే ప్రేముంది, నాకు తెలుసు. ఆ రాళ్ళ సంగతి మాత్రం ఒక్కసారి ఆలోచించు."

ఆ తర్వాత ఆమె నదిలో దిగలేదు. రోజూ పొద్దున్నే వచ్చి కంచె బయట నిలబడి చూసేది. వాన పడినా కదిలేది కాదు. కొన్నాళ్ళకి అదీ మానేసింది. హమ్మయ్య, ఒక గొడవ వదిలిందనుకుంది ఇంజనీరు.

చేపలు వచ్చాయి!

కూలీలు కేకలు పెట్టారు. ఇంజనీరు చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

నాలుగో రోజున మొదటి చేప చచ్చి తేలింది. తోక చీలికలై ఉంది. ఆ వెనక ఇంకొకటి, ఇంకా పది. రాళ్ళు తోడలేక, గుడ్లు కడుపులో ఉండగానే చచ్చిపోతున్నాయి. ఇంజనీరు నడుము లోతు నీళ్ళలో దిగి అడుగంతా తడిమింది. అరచేయి తెగి రక్తం వచ్చింది.

వంపు దగ్గర మాత్రం చేతికి నున్నగా తగిలింది. ముప్పై అడుగుల మేర అంతే. అక్కడ రాళ్ళ సందుల్లో నారింజ రంగు గుడ్లు కుప్పలుగా ఉన్నాయి, సజీవంగా.

ఆ రాళ్ళన్నీ ఒక మనిషి జేబుల్లో వచ్చినవి.

ఇంజనీరు తడి బట్టలతోనే సభ ఆఫీసుకి పరిగెత్తింది. గుమాస్తా ఒక్కడే ఉన్నాడు.

"పెద్దగారిని కలవాలి. నేను అడిగి తెప్పించుకున్న ఆ ఆర్డర్ రద్దు చేయించాలి. ఆ అవ్వ కాళ్ళ మీద పడాలి."

"మా సభ పెద్దమ్మ పోయి పన్నెండు రోజులైందమ్మా. చలి జ్వరం, గుండెల్లో నెమ్ము చేరింది."

ఇంజనీరుకి దుఃఖంలోంచి కోపం తన్నుకొచ్చింది.

"నేను తెలియక రాశాను. ఆవిడైనా నన్ను ఆపొద్దా? రాళ్ళ గురించి మీ వాళ్ళకి తెలియదా?"

"మాలో ఒక కట్టుబాటు ఉందమ్మా. నది పని ఒకరికి అప్పగించాక, మొదటి చేప వచ్చేదాకా వాళ్ళ మాటే మాట. పెద్దయినా సరే, నేను పెద్దనని చెప్పకూడదు, కాదనకూడదు. మామూలు మనిషిలా వెళ్ళి బతిమాలుకోవచ్చు, అంతే."

"మరి నా దగ్గరికి ఎవరూ రాలేదే!"

గుమాస్తా కళ్ళు చెమర్చాయి.

"రోజూ వచ్చిందమ్మా. తనని నదిలో దిగనివ్వొద్దన్న కాగితం మీద తనే సంతకం పెట్టి, మర్నాటి నుంచి కంచె బయట నిలబడింది."