పరదా గది

“నా కొడుకు తాగుడు మరిగిండు అత్తమ్మా. ఇయ్యాల తేలుతది. తేలినంక నేనైతే బతుక.”

ఆటో వెనక సీట్లో బాలలక్ష్మి అత్త గంగుబాయి చెవిలో గుసగుసలాడింది. డ్రైవరు పక్కన ఇరుక్కుని కూర్చున్న కొడుకు సాగర్‌కు ఆ సంగతి తెలియదు. రేపటి తన పెళ్లి మాటముచ్చటకు చీర కొనేందుకే కరీంనగర్ వచ్చామనుకుంటున్నాడు.

గంగుబాయి ఉలకలేదు, పలకలేదు. పొద్దున కోడలు ‘విక్టరీ హోటల్’ అన్నప్పటి నుంచి ఆమె అంతే. మనవడి మీది బెంగతో ముసలిదానికి పక్షవాతం గానీ కొట్టిందా అని బాలలక్ష్మికి ఇంకో భయం.

“జర నవ్వరాదు అత్తమ్మా, మూతి వంకర వోయిందేమో చూస్త.”

గంగుబాయి నవ్వింది. మూతి సక్కగానే ఉంది. మాట మాత్రం రాలేదు.

బాలలక్ష్మి ఊరికే భయపడలేదు. గురువారం గురువారం సాగర్ తన బాపమ్మను బండి మీద ఎక్కించుకుని మోకాళ్లకు కరెంటు పెట్టించేందుకు కరీంనగర్ తీసుకొస్తాడు. ఆ వైద్యం బ్రహ్మాండంగా పనిచేస్తోంది. ముసలమ్మ ఇంటికి తేలిగ్గా వస్తుంది, బతుకమ్మ పాటలు పాడుతుంది, దీపాలు పెట్టకముందే గుర్రు పెడుతుంది. పిల్లవాడి సంగతే బాగా లేదు. అంగీకి బ్రాందీ వాసన. జేబులో సోంపు. బండి ఆ హోటల్ ముందు నిలబడి ఉండగా పక్కింటి ఎల్లక్క కళ్లారా చూసింది కూడా.

‘ముసలిదాన్ని కరెంటు కాడ పండవెట్టి, వీడు బార్ల కూసుంటుండు’ అని బాలలక్ష్మి తేల్చేసుకుంది.

పిల్ల తండ్రి అంతయ్య మొన్ననే ఖరాఖండిగా చెప్పాడు. “నా తమ్ముడు తాగి తాగి సచ్చిండు. నా బిడ్డను మల్ల గసొంటి కొంపకు తోల. తాగెటోళ్లు లేని ఇల్లు గావాలె, గంతే.” సాగర్‌కు ఆ పిల్ల మమతారాణి మీద ప్రాణం. బాలలక్ష్మికి కూడా అంతకన్నా మంచి కోడలు దొరకదు. ఈ రోజే అంతయ్యకు మాట చెప్పాలి. అబద్ధమాడితే నాలుక మీద పుండు లేస్తుందని ఆమెకు చిన్నప్పటి భయం.

ఆటో విక్టరీ హోటల్ ముందు ఆగింది. నిజాం జమానాలో ఇంగ్లీషు ఇంజనీర్లు దిగిన బంగళా అది. ఎత్తైన కమాన్లు, పాలరాతి టేబుళ్లు, మసకబారిన నిలువుటద్దాలు. ఒక పక్క భోజనం, ఒక పక్క బారు, నడుమ ఆడవాళ్ల కోసం పరదాలు కట్టిన గదులు.

“చీరల దుకాణం గిటు కాదవ్వా!” తల్లితో అన్న సాగర్ ముఖం పాలిపోయింది.

“ముందుగాల తిందాం. నడువు.”

లోపల తెల్లకోటు వేసుకున్న ముసలి సర్వరు రాజేశం ఎదురొచ్చాడు. “రాండ్రి సార్! మీ పరదా గది ఖాళీగనే ఉన్నది.”

బాలలక్ష్మి గదిలో కూర్చోగానే కొడుకు మీద పడింది. “ఆడోళ్ల జాగల, పరదా చాటుకు కూసొని తాగుతున్నవారా! గిదేం రోగం!”

“నేను తాగనవ్వా.”

“మరి నీ అంగీ తాగుతదా?”

సాగర్ బాపమ్మ వైపు చూశాడు. బాపమ్మ ఫ్యాను వైపు చూసింది.

రాజేశం ఒక చిన్న పీట తెచ్చి, అడగకుండానే ముసలమ్మ కాళ్ల కింద వేశాడు. అంత దుఃఖంలోనూ బాలలక్ష్మికి ముచ్చటేసింది. పట్నంలో పెద్దవాళ్లంటే ఎంత మర్యాద!

“అన్నా, నువ్వు పిల్లలుగన్నోనివి. నా పిలగాడు గీడ ఏం తాగుతడో దాచకుండ చెప్పు.”

“గీ సారా?” రాజేశం పకపకా నవ్వాడు. “నిమ్మసోడా అమ్మా! బండి నడపాలని చుక్క ముట్టడు. గింత బుద్ధిమంతుడు మా హోటల్‌కు ఎట్లొచ్చిండా అని మేమే నవ్వుకుంటం. నా కోటు మీద ఒట్టు.”

బాలలక్ష్మి ఏడ్చింది. ఏడుస్తూ నవ్వింది. అంగీకి వాసన బారు గాలి వల్లే అయి ఉంటుంది, పాపం పిల్లవాడు! వెంటనే అంతయ్యకు ఫోను కలిపి, స్పీకరు పెట్టి, అద్దంలా మొహం ముందు పట్టుకుంది.

“అవ్వా, జర ఆగు...” అన్నాడు సాగర్.

“నువ్వూకో! అన్నయ్యా, నా పుస్తె పట్టుకొని చెప్తున్న. మా ఇంట్ల చుక్క ముట్టెటోళ్లే లేరు!”

“సంబురమైంది చెల్లె! లైన్లనే ఉండు, మావోళ్లకు గూడ చెప్త,” అన్నాడు అంతయ్య.

ఇంతలో రాజేశం మళ్లీ వచ్చాడు. సాగర్ ముందు నిమ్మసోడా పెట్టాడు. టేబులు నడుమ ఇంకో గ్లాసు పెట్టాడు. అందులో అడుగున ఎర్రగా ఏదో ఉంది. గుప్పుమన్న వాసన అంగీ మీది వాసనే.

“గిదెవలకు?” బాలలక్ష్మి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

“ఎప్పటిదే గదమ్మా. కాకుంటే ఎప్పటి రకం ఒడిసిపోయింది, గిది జర ఘాటు.” రాజేశం సీసా మూత తీశాడు. “సోడా పొయ్యమంటరా?”

బాలలక్ష్మి కొడుకును చూసింది. కొడుకు గట్టిగా కళ్లు మూసుకున్నాడు.

“హలో, చెల్లె? సోడా ఎవలకు?” అంతయ్య ఫోన్లోంచి అడిగాడు.

ఫ్యాను కిర్రు కిర్రుమంది. రాజేశం వంచిన సీసా వంచినట్టే పట్టుకుని నిలబడ్డాడు. ఫోన్లో అంతయ్య ఊపిరి కూడా వినబడుతోంది.

“మోకాళ్ల మందుల సోడా కల్పద్దు బిడ్డా,” అంది గంగుబాయి.