గురక చక్రవర్తికి ఉత్తరం

కవరు అంచున జిగురు ఇంకా తడి ఆరలేదు.

డ్రాయింగ్ మాస్టారు దాన్ని కిటికీ వెలుతురుకి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. ఎవరో చింపారు. చింపి, మళ్లీ అంటించారు. అంటించినవాడి బొటనవేలి గుర్తు కూడా పడింది.

"ఏమోయ్, నీ ఉత్తరం ఇలా పట్రా."

భార్య తన కవరు తెచ్చింది. అదీ అంతే.

"పోయినేడూ ఇంతేనండీ. ఎందుకులే అని ఊరుకున్నాను."

పెళ్లయిన ఏడాది మొదలైన సరదా అది. ఏడాది చివరి సెలవులు మొదలైన రోజు ఇద్దరూ చెరో గదిలో కూర్చుని ఒకరికొకరు ఉత్తరం రాసుకుంటారు. ఏడాది పొడుగునా నోటికి రాని మాటలన్నీ అందులో రాసి, ఇద్దరూ కలిసి వెళ్లి వీధి చివర పోస్టు డబ్బాలో వేసి వస్తారు.

కవరు మీద స్టాంపూ, ముద్దుపేరూ తప్ప మరో అక్షరం ఉండకూడదు.

నిద్రపోతే ఇల్లు అదరగొట్టే ఆయన 'గురక చక్రవర్తి'. రోజుకోసారి తాళాలు పోగొట్టుకునే ఆవిడ 'తాళాల మహారాణి'.

వీధి చివరి నుంచి ఇంటికి రావడానికి ఆ ఉత్తరాలకి తొమ్మిది రోజులు పట్టేది. సెలవుల ఆఖరి సాయంత్రం ఎదురెదురుగా కూర్చుని చదువుకునేవారు. ముప్ఫై ఆరేళ్లలో ఒక్క ఏడూ తప్పలేదు.

ఈసారి ఆవిడ ఏం రాసిందో మాస్టారు చదివారు. ఆయనకి ఆపరేషన్ జరిగిన రాత్రి ఆయన చొక్కా వాసన చూసుకుంటూ పడుకుందట. ఆ మాట తనకంటే ముందు పోస్ట్‌మాన్ చదివాడు. మాస్టారికి ఒళ్లు మండిపోయింది.

"పెళ్లినాటి నుంచీ చూస్తున్నాను. నవ్వడు, పలకరించడు, గేటు మీంచి విసిరేసి పోతాడు. నువ్వు నన్ను పిలుస్తుంటే గేటు దగ్గర ఆగి మరీ వింటాడు. వాడి అంతు చూస్తాను."

"ఆకాశరామన్న ఉత్తరం రాస్తారా?"

"నాకేం ఖర్మ? సంతకం పెట్టే రాస్తాను."

ముత్యాల్లాంటి అక్షరాలతో ఫిర్యాదు రాశారు. ఆవిడ భుజం మీంచి తొంగిచూసింది.

"'అలసత్వం' అంటే వాళ్లకేం తగులుతుందండీ? 'దొంగబుద్ధి' అనండి."

అన్నారు. ఆ పూట ఇద్దరూ ఒక ముద్ద ఎక్కువే తిన్నారు.

రెండు నెలలకి పెద్దాఫీసు నుంచి జవాబొచ్చింది. 'తగిన చర్య తీసుకోబడినది.' అంతే ఉంది అందులో.

మర్నాటి నుంచి గేటు దగ్గర కొత్త పోస్ట్‌మాన్.

"తిక్క కుదిరింది," అన్నారు మాస్టారు.

"తగిన శాస్తి," అంది ఆవిడ, తాళాల కోసం దిండు కింద వెతుకుతూ.

కొత్త మొహం కనిపించినప్పుడల్లా మాస్టారి కడుపు చల్లబడేది.

మళ్లీ సెలవులొచ్చాయి.

ఈసారి మాస్టారు నాలుగు పేజీలు రాశారు. పుట్టిన బిడ్డ దక్కని రోజు తను ఆసుపత్రి గుమ్మం దాకా వచ్చి ఎందుకు వెనక్కి తిరిగి వెళ్లిపోయారో రాశారు. ఆవిడ ఎన్నడూ అడగలేదు. ఆయన ఎన్నడూ చెప్పలేదు. నోటితో చెప్పే ధైర్యం ఇక రాదని ఆయనకి తెలుసు.

ఆఖరి సాయంత్రం ఉత్తరాలు రాలేదు.

మర్నాడూ రాలేదు.

మూడో రోజు ఇద్దరూ పోస్టాఫీసుకి వెళ్లారు.

"కవరు మీద చిరునామా ఏం రాశారండీ?" అడిగాడు గుమాస్తా.

"ముద్దుపేరు రాస్తాం."

"చిరునామా?"

"రాయం. ఇన్నేళ్లూ చేరుతూనే ఉన్నాయిగా."

గుమాస్తా కళ్లజోడు తీసి ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు.

"అయితే మీరేనన్నమాట. చిరునామా లేనివి వెనక గదిలో సంచిలో పడతాయండీ. చింపి చూస్తాం. లోపల కూడా చిరునామా లేకపోతే, సెలవులు కాగానే ముక్కలు చేసేస్తాం. మీవి మొన్ననే అయిపోయుంటాయి."

మాస్టారు బల్ల అంచు పట్టుకున్నారు.

"మరి ఇన్నాళ్లూ?"

"పాత పోస్ట్‌మాన్ గారు తీసేవారు. సెలవుల్లో తొమ్మిది రోజులూ ఇంటికి పోకుండా, నేల మీద కూర్చుని సంచులన్నీ కుమ్మరించి వెతికేవారు. దేనికోసమో మాకు చెప్పేవారు కాదు. చిరిగినవి తనే అంటించేవారు."

ఆవిడకి రోజూ పొద్దున్నే గేటు దగ్గర తను వేసే కేక గుర్తొచ్చింది. గురక చక్రవర్తీ, తాళాలు చూశారా?

"సంచిలో పడ్డది బయటికి తీయకూడదండీ. మీ ఫిర్యాదుతో బయటపడింది. ఉద్యోగంలోంచి తీసేశారు. ఇంకో ఏడాదైతే రిటైరయ్యేవారు."

"ఆ మాట మాతో ఒక్కసారి చెప్పొచ్చుగా," అంది ఆవిడ.

"ఆయన చిరునామా ఇవ్వండి," అన్నారు మాస్టారు.

"ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయారు. ఎక్కడికో ఎవరికీ చెప్పలేదండీ."

గుమాస్తా ఫైలు వెతికి, అరచేతిలో పట్టేంత కాగితం తీసి బల్ల మీద పెట్టాడు.

"సంజాయిషీ అడిగితే ఇదొక్కటే రాసిచ్చారు."

చేయి తిరగని వంకర అక్షరాలతో అందులో ఒక్క వాక్యమే ఉంది: 'చిరునామా లేకపోతే ఉత్తరం చేరదన్న సంగతి దయచేసి ఆ దంపతులకు తెలియనివ్వకండి, తెలిస్తే ఆ పేర్లతో రాసుకోవడం మానేస్తారు.'